ఎద తెలిసిన పెద్దవ్వ

పెద్దవ్వ పోయిందని మొన్న సోమవారం ఫోన్ వచ్చింది. చేసింది ఆమె బంధువులు కాదు, చొప్పదండిలో పశువులకు సూదులు వేసే ఆయన. "మేడం, పొద్దుగాల పాలు పిండింది, చెంబు పక్కకు పెట్టింది, గోడకు ఒరిగి కూసున్నది. గంతే," అన్నాడు. "బర్రెలు నాలుగూ ఒకటే ఒర్రుడు," అని కూడా చెప్పాడు.

అలాంటి కబురు వింటే ఏడుపు రావాలి. నాకు ముందు నవ్వు వచ్చింది, ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం లోకరీతి. పెద్దవ్వ గురించి చెప్పబోతే నోటికి వచ్చేవన్నీ నలుగురిలో అనలేని మాటలే. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

అప్పట్లో నేను చొప్పదండి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతూ, రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉండేదాన్ని. సందు దాటి నాలుగడుగులు వేస్తే ఆమె ఇల్లు, పక్కనే బర్రెల కొట్టం. పొడుగాటి మనిషి. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, తలకు తువ్వాల చుట్టి, చెవి వెనక ఒక వేపపుల్ల పెట్టుకొని తిరిగేది. ఆ పుల్లతోనే పళ్ళు తోముకునేది, వీపు గోక్కునేది, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ గుండెకు గురిపెట్టేది.

మనుషుల్ని చూడటంలో ఆమెది పశువుల అంగడి చూపు. ముందు పక్కనుంచి చూసేది, తర్వాత వెనకనుంచి, ఆఖరుకు నోరు తెరిపించినంత పని చేసేది. సందులోకి కొత్తగా వచ్చిన కోడలిని చూసి, "నడుం మంచిగున్నది, రెండీతలకు ఢోకా లేదు," అంది. ఓట్ల కోసం వచ్చి దండం పెట్టిన ఒక నాయకుణ్ణి చూసి, "పండ్లన్ని అరిగినయి, ఇంక కుమ్ముతనంటుండు," అంది, ఆయనకు వినపడేటట్టే. నేను అద్దెకు దిగిన రోజు నన్నూ అలాగే చుట్టూ తిరిగి చూసి, "తిండి సాలదు దీనికి," అని తీర్పు చెప్పి గిన్నెడు పాలు ఊరికే పోసి పోయింది.

బర్రెలతో మాత్రం ఎంతో మర్యాద. "జర జరుగు తల్లీ," అనేది. సందులో బండి అడ్డం పెట్టినవాడితోనూ అదే మాట అనేది గాని, అందులో తల్లి వాడి తల్లి అయ్యేది.

నాకు అప్పటికి పెళ్ళయి నాలుగేళ్ళు. మా ఆయనది బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయిలో ఉద్యోగం. నాకు బదిలీ రాదు, ఆయన బాయి కదలదు. ఆయనకు కంపెనీ ఇచ్చింది నలుగురు పంచుకునే గది, బడి సెలవుల్లోనూ నేను అక్కడికి పోలేను. ఆదివారం ఒక్కటే ఆయనకు సెలవు. శనివారం పొద్దటి షిఫ్టు దిగి, ఒంటి మీది బొగ్గు కడుక్కొని, మంచిర్యాల, లక్సెట్టిపేట, ధర్మారం మీదుగా బస్సులు మారి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. ఆదివారం మధ్యాహ్నం తిని మళ్ళీ బస్సెక్కేవాడు. ఇంట్లో పిల్లల్లేరని వాళ్ళ అమ్మకు బెంగ, నాకు బెంగ, ఆయనకు బెంగ. మాట్లాడుకునే టైం మాత్రం ఎవరికీ లేదు.

నా నెలసరి గడియారం లాంటిది. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు. ప్రతి నాలుగో శుక్రవారం పొద్దున్నే ప్రత్యక్షం. "శుక్రారం పూట లక్ష్మికి దీపం పెట్టే యోగం లేకపాయె," అని ఊరి నుంచి ఫోన్లో మా అత్తమ్మ నొచ్చుకునేది. దీపం సంగతి సరే, ఆ శుక్రవారాల్లో స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఎంతసేపు ఏడ్చేదాన్నో ఆమెకు తెలియదు.

కరీంనగర్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి పోయాం. నాకు స్కానింగులు, రక్తపరీక్షలు. మా ఆయనకు ఒక చిన్న డబ్బా చేతికిచ్చి బాత్రూం చూపించారు. రోజూ భూమి కడుపులోకి భయం లేకుండా దిగే మనిషి ఆ డబ్బా పట్టుకొని గజగజ వణికాడు. ఇద్దరికీ అన్నీ బాగున్నాయన్నారు, టెన్షన్ పడొద్దన్నారు, బలానికి గోళీలు రాసిచ్చారు. మీరిద్దరూ ఒకే ఊళ్ళో ఉంటారా అని మాత్రం ఎవరూ అడగలేదు. అది చెప్పుకోవాల్సిన జబ్బని మాకూ తోచలేదు.

అత్తమ్మ వేములవాడ రాజన్నకు మొక్కింది. మూడుసార్లు కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టాం. మూడోసారి నేను తాడు పట్టుకొని గుడి చుట్టూ నడుస్తుంటే ఆ కోడె ఆగి, మెడ తిప్పి, 'మళ్ళీ నువ్వేనా' అన్నట్టు నన్ను చూసింది.

ఇలా ఉండగా ఒక శుక్రవారం పొద్దున పాలకు పోతే పెద్దవ్వ కొట్టం దద్దరిల్లుతోంది. నల్ల బర్రె అరుస్తోంది. దానికంటే గట్టిగా పెద్దవ్వ ఫోన్లో అరుస్తోంది.

"ఇయ్యాల ఎదకు వచ్చింది అంటుంటే రేపొస్తనంటవేంది? రేపొచ్చి ఏం జేస్తవ్? కూసోబెట్టి నీకు చాయ పొయ్యాల్నా? ఇయ్యాల తప్పితె మల్ల ఇరవై ఒక్క దినాలు! ఇరవై ఒక్క దినాలు నువ్వు దీని ఒర్రుడు ఇంటవా?"

చూలు కట్టించే సూదితో సూదులాయన గంటలో వస్తానన్నట్టున్నాడు. ఫోన్ కట్టేసి నావైపు తిరిగింది. "సూసినవా బిడ్డా, దాని తోక కింద? గుడ్డుల తెల్లసొన లెక్క. గిట్ల తీగ సాగాలె, తెగొద్దు. గప్పుడే సూది. ఆరిపోయినంక డాక్టరు కాదు, డాక్టరు తాత వచ్చినా ఫాయిదా లేదు."

నేను చూశాను. చూసి, పాలగిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయాను. నా మొహంలో ఏం కనిపించిందో గాని, వేపపుల్ల తీసి గురిపెట్టింది.

"ఏందే గట్ల అయినవ్? నీకు రాదా?"

"పెద్దవ్వా!"

"పెద్దవ్వా లేదు, పెద్దయ్యా లేదు. వస్తదా, రాదా?"

సందులో ఎవరూ లేరని చూసుకొని, గొంతు తగ్గించి చెప్పాను. "వస్తది. నెల మధ్యల, రెండు మూడు దినాలు. తెల్లబట్టేమో అనుకొని మందు వాడుతున్న."

ఆమె బోర్లించిన బకెట్ మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. "దేవుడు తలుపు తీసి రా రమ్మంటుంటే, నువ్వు తలుపుకు మందు రాస్తున్నవా బిడ్డా! వాసనొస్తదా? దురద పెడతదా? పెరుగు ఇరిగినట్టు పడతదా?"

"లేదు."

"అవన్ని ఉంటె రోగం, దవాఖానకు పోవాలె. గిది రోగం గాదు, కబురు. పొత్తికడుపుల ఒక పక్క సుర్రుమంటదా?"

అంటుంది. ఒక నెల కుడివైపు, ఒక నెల ఎడమవైపు. బడిలో తిన్న శనగలు పడలేదనుకునేదాన్ని. అదీ చెప్పాను. ఆమె మళ్ళీ నవ్వింది. నల్ల బర్రె కూడా అరుపు ఆపి నన్ను చూసింది.

నేను సిగ్గుపడింది ఆమె అడిగినందుకు కాదు. పునరుత్పత్తి పాఠం నేను ఏడేళ్ళుగా చెబుతున్నాను. చెబుతున్నానంటే, మందార పువ్వును నిలువునా కోసి చూపిస్తాను, కప్ప గుడ్ల గురించి గంటసేపు చెబుతాను, మనిషి దగ్గరికి రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పుస్తకం మూస్తాను. పిల్లలు చదువుకున్నారో లేదో తెలియదు. నేనైతే చదువుకోలేదు. ఆ సాయంత్రం తలుపు గడియ పెట్టుకొని, నా పాఠ్యపుస్తకాన్ని, పాత డిగ్రీ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకొని చదివాను. విడుదలైన అండం ఒక్క రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం ఆ జిగురులో కొన్ని రోజులు ప్రాణంతో ఎదురుచూడగలవు. అంటే జిగురు కనబడ్డ రోజులే రోజులు. అది ఆరిపోయాక ఎంత ప్రేమ ఉన్నా అది ఉత్త ప్రేమే.

పెద్దవ్వకు అక్షరాలు రావు. కొట్టం గోడ మీద సున్నంతో గీతలు గీసేది. నాలుగు బర్రెలకు నాలుగు వరుసలు, ఎద వచ్చిన రోజుకు పెద్ద గీత, మామూలు రోజుకు చిన్న గీత. వాటి కింద ఐదో వరుస వచ్చింది. అది నాది. పొద్దున పాలకు పోయి, "ఇయ్యాల ఏం లేదు," అనో, "జిగురు మొదలైంది," అనో చెప్పేదాన్ని. నా టీచరు బుద్ధి ఊరుకోక ఒక థర్మామీటరు కొని, నిద్ర లేవగానే జ్వరం చూసుకొని అదీ చెప్పేదాన్ని. అండం విడుదలయ్యాక ఒంటి వేడి కొంచెం పెరుగుతుందని పుస్తకంలో ఉంది.

"అయినంక పెరుగుతదా, ముందుగాలనా?" అని అడిగింది.

"అయినంక."

"వాన పడి ఎలిసినంక గొడుగు తెచ్చినట్టున్నది. లోపల పెట్టు దాన్ని."

ఒకరోజు సూదులాయన గోడ చూసి, "పెద్దవ్వా, ఐదో బర్రెను ఎప్పుడు కొన్నవ్?" అన్నాడు. "కొనలే. గది టీచరమ్మది," అంది ఆమె, పాలు పిండుతూనే. ఆయన తర్వాత నెల రోజుల పాటు నేను ఎదురొస్తే తల దించుకొని సందు మారేవాడు.

రెండు నెలలు గీతలు పడ్డాక ఒక సాయంత్రం నన్ను గోడ ముందు నిలబెట్టింది. రెండు నెలలూ ఒకటే తీరు. బుధవారం జిగురు మొదలు, శుక్రవారం తీగలా సాగడం, అదే రోజు ఒక పక్క సుర్రుమనడం, శనివారం సాయంత్రానికి అంతా పొడి.

"నీ మొగడు ఎప్పుడొస్తడు?"

"శనివారం పొద్దుమూకినంక."

"బస్సు పోయినంక టికెట్టు కొనుక్కుంటున్నరు మీరిద్దరు," అంది. "నాలుగేండ్ల సంది."

నెల కచ్చితంగా నాలుగు వారాలు కావడమే నా కర్మ. రెండు రోజులు అటో ఇటో తప్పి ఉంటే ఎప్పుడో ఒక నెల ఆదివారానికి తగిలేది. నా ఒళ్ళు గడియారంలా పనిచేసి, ప్రతిసారీ ఆయన కంటే ఒక్క రోజు ముందే తలుపు మూసింది. నేను అక్కడే గడ్డి మీద కూర్చున్నాను. వేములవాడ మొక్కుల గురించి, ఆసుపత్రి గురించి అంతా చెప్పాను.

"రాజన్నకు మొక్కుడు మంచిదే. నేనూ మొక్కుత," అంది. "కాని కోడెను గుడి సుట్టు తిప్పితే సాలదు బిడ్డా. వక్తుకు ఇంటికి తోలుకరావాలె."

ఆ వక్తుకు, అంటే వేళకు, తోలుకురావడం అంత సులువు కాలేదు. "గురువారం, శుక్రవారం సెలవు పెట్టు," అని ఫోన్లో చెబితే మా ఆయన, "ఏమని అడగాలె? గిసొంటి పనికి సెలవు ఏ కాయితంల రాసుంటది?" అన్నాడు. ఆఖరుకు వాళ్ళ నాయనమ్మ చనిపోయిందని చెప్పి వచ్చాడు. ఆమె పోయి అప్పటికి పదేళ్ళయింది. ఆ నెల ఏమీ కాలేదు. శుక్రవారం మళ్ళీ కుళాయి తిప్పాను. "అన్ని బర్రెలకు మొదటి సూదికే నిలుస్తదా?" అంది పెద్దవ్వ. ఓదార్చడం ఆమెకు అలాగే వచ్చు.

రెండో నెల గొడవైంది. మా ఆయన ఆదివారం పాలకని పోయి, గోడ మీద ఐదో వరుస చూసి, అదేమిటని అడిగి తెలుసుకున్నాడు. ఇంటికొచ్చి గిన్నె నేలకేసి కొట్టాడు. "నేను మనిషినా, దున్నపోతునా? మన పక్క ముచ్చట ఊరి గోడ మీద రాయించినవా?" అన్నాడు. నేను బదులు చెప్పేలోపే సందు దాటి కొట్టంలోకి పోయాడు. నేను వెనకే పరుగెత్తాను.

"పెద్దవ్వా, మా ఇంటి ముచ్చట నీ గోడ మీద ఎందుకు?"

ఆమె పిండటం ఆపలేదు. "తుడిచెయ్యి కొడుకా. తడిగుడ్డ గక్కడున్నది."

ఆయన కొట్లాటకు వచ్చాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. గుడ్డ చేతిలోకి తీసుకొని గోడ ముందు నిలబడ్డాడు.

"తుడిచే ముందు ఒక్క మాట చెప్పు. పిల్లలు కాకపోతే ఎవరినంటరు? నిన్నా, దాన్నా?"

ఆయన గుడ్డను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"మా ఆయన భీవండిల సాంచెలు నడిపెటోడు," అంది పెద్దవ్వ. భీవండి బొంబాయి పక్కన ఉంది, సాంచెలంటే మరమగ్గాలు. "ఏడాదికి పది దినాలు ఇంటికొచ్చెటోడు. ఆరేండ్లల్ల అరవై దినాలు నేను సంసారం జేసిన. అండ్ల ఎన్ని నా దినాలు, ఎన్ని ఉత్త దినాలు, ఎవడన్న సూసిండా? గొడ్రాలన్నరు. మా సొంత చెల్లెనిచ్చి మల్ల లగ్గం జేసిండ్రు. దాన్ని భీవండి తోలుకపోయిండు. అది పొద్దుమాపు ఆయన పక్కనే ఉండె, ముగ్గురిని కన్నది. నాకు ఒక బర్రెనిచ్చిండ్రు."

ఆమె చెంబు పక్కకు జరిపి, బర్రె పొదుగు తుడిచింది.

"గిదంతా నాకు ఆ బర్రె నేర్పింది. నేర్చుకున్ననాటికి మొగడు లేడు. నీకు సిగ్గయితుంది కొడుకా, నాకు తెలుసు. సిగ్గు రెండు దినాలుంటది. గొడ్రాలన్న మాట సచ్చేదాకా ఉంటది. ఇగ నీ ఇష్టం."

మా ఆయన గుడ్డను మళ్ళీ బకెట్ అంచు మీద ఆరవేశాడు. ఇంటికొచ్చి, నేల మీది గిన్నె తీసి సొట్ట సరిచేస్తూ కూర్చున్నాడు. "వచ్చే నెల అమ్మమ్మను సంపుత," అన్నాడు.

చంపాడు. మూడో నెల గురువారం మధ్యాహ్నమే వచ్చేశాడు. శుక్రవారం నేను బడికి సగం పూట సెలవు పెట్టి వచ్చేసరికి పెద్దవ్వ మా గుమ్మం ముందు పీట వేసుకొని కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఆ గంటన్నరలో మా ఇంటికొచ్చిన వాళ్ళందర్నీ, "టీచరమ్మకు తలనొప్పి, మాపటికి రాండ్రి," అని పంపేసింది. లోపల మాకు ప్రతి మాటా వినపడుతోంది. ఎవరో ఆడమనిషి, "జండుబాం తెచ్చియ్యాల్నా?" అంది. "వద్దు. లోపల డాక్టరున్నడు," అంది పెద్దవ్వ. మేమిద్దరం నవ్వి నవ్వి ఆయాసపడ్డాం. నాలుగేళ్ళలో ఆ గదిలో అలా నవ్వడం అదే మొదటిసారి.

రావలసిన శుక్రవారం నెలసరి రాలేదు. శని, ఆది, సోమ కూడా ఏమీ లేదు. "మల్ల ఎదకు రాలే అంటే సూడి కట్టినట్టే," అని పెద్దవ్వ శుక్రవారం నాడే అంది. మందుల షాపు నుంచి తెచ్చిన పట్టీ మీద రెండో గీత పడింది మంగళవారం. ఆమెకు చూపిస్తే, "నాకంటే నాలుగు దినాలు లేటు," అంది.

ఏడో నెలలో శ్రీమంతం పెట్టుకున్నాం. మా అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో అత్తమ్మే ఊరి నుంచి వచ్చి అన్నీ చూసుకుంది. ముందు రోజు పిలుపుల లెక్క చూస్తూ అడిగింది, "ఎదురింటామెను పిలిచినవా?"

"పిలిచిన అత్తమ్మా."

"రానియ్యి. కాని పిల్లలు లేని మనిషి గదా, గాజులు తొడగనియ్యకు. జర ఎనక కూసోబెట్టు."

నాకు చెప్పాల్సిన మాటలు వంద ఉన్నాయి. "సరే, సూద్దాం," అన్నాను. సందు వైపు కిటికీ తెరిచే ఉంది.

మర్నాడు పెద్దవ్వ రాలేదు. బర్రె ఈనుతోందని, కదలడానికి లేదని కబురంపింది. సాయంత్రం జున్ను పంపింది. అత్తమ్మ రెండుసార్లు పెట్టించుకొని తిన్నది. గొడవ లేకుండా గడిచిందని నేనూ లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని నిజం అదే.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఆటో దిగుతుంటే సందులో ఆడవాళ్ళు, "పోనీ తియ్యి, మొదలు లక్ష్మి వచ్చింది, మల్లసారి సూద్దాం," అని ఓదార్చడం మొదలుపెట్టారు. పెద్దవ్వ కొట్టంలోంచే కేకేసింది. "ఏంది ఆ ఏడుపు? మా బర్రెలల్ల ఆడపడ్డ పుడితే పండుగ. మీ మనుషులల్లనే గీ బీమారి. గందుకే నేను బర్రెలతోని ఉంటున్న."

పదిహేను రోజులకు పాపను ఎత్తుకొని కొట్టం దాకా పోయాను. సూదులాయన దూడకు మందు తాగిస్తున్నాడు. నేను పాపతో, "ఇదిగో ఈ దూడ, నా శ్రీమంతం నాడు పుట్టింది," అన్నాను. ఆయన తలెత్తి, "కాదు మేడం. ఆదివారం మీ ఇంట్ల శ్రీమంతం, ఇది శుక్రారమే పుట్టింది. అడ్డం తిరిగితే నేనే గుంజిన," అన్నాడు.

ఆయన పోయేదాకా ఆగి అడిగాను. "అబద్ధం ఎందుకాడినవ్ పెద్దవ్వా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? వస్తే నన్ను ఎనక కూసోబెట్టెటోళ్ళు. నువ్వు సూసుకుంట కూసుండెదానివి. తెల్లారిసంది నాకు మొఖం సూపెట్టలేక పాలు ఇంకోకాడ పోయించుకుందువు." గడ్డి విదిలిస్తూ నవ్వింది. "మంచి గిరాకీని పోగొట్టుకుంటనా?"

నువ్వు పొరపాటుపడ్డవ్, నేను అడ్డం పడేదాన్ని, అని చెప్పడానికి నోరు తెరిచాను. మూసి, పాప తలగుడ్డ సర్దాను. ఆమె నా వంక చూడకుండా బర్రె వీపు రుద్దుతూ ఉండిపోయింది.

ఇరవై ఒకటో రోజున పాపను తొట్టెలలో వేశాం. ఇల్లంతా చుట్టాలు. నేను బాలింత తలగుడ్డతోనే సందు దాటి పోయాను. పెద్దవ్వ నన్ను చూడగానే మొదలుపెట్టింది, "ఇయ్యాల బర్రె..."

"ఇయ్యాల ఏ బర్రె ఈనుతలేదు. లే," అన్నాను. చేయి పట్టుకొని లేపాను. బట్టలు మార్చుకుంటానంది, కాళ్ళు చేతులు కడుక్కుంటానంది, కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

లోపలికి రాగానే అందరూ మా వైపు తిరిగారు. నేను అత్తమ్మతో చెప్పాను. "అత్తమ్మా, బిడ్డను మొదలు పెద్దవ్వ తొట్టెల వేస్తది."

అత్తమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "చేతులన్న కడుక్కున్నదా?"

"కడుక్కున్న చెల్లె," అంది పెద్దవ్వ. "నీ కొడుకుకు శుక్రారం నేర్పినప్పుడు గూడ కడుక్కునే నేర్పిన."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక మూల నుంచి నవ్వు మొదలై ఇల్లంతా పాకింది. మా ఆయన కుర్చీలు తెస్తానని బయటికి పారిపోయాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని భుజాలు కదులుతున్నాయి. నవ్వుతూనే వంగి, పాపను ఎత్తి, తనే పెద్దవ్వ చేతుల్లో పెట్టింది.

పెద్దవ్వ ఏదో అంటుందని అందరూ ఎదురుచూశారు. ఆమె పాపను గుండెకు ఆనించుకొని, ఒక చేత్తో తొట్టెల అంచు పట్టుకొని నిలబడి, పాపను చూస్తూ ఉండిపోయింది. వేయమన్నారు. వేయలేదు. పాట అందుకున్న ఆడవాళ్ళు ఒక చరణం పాడి ఆగారు. అప్పటికీ వేయలేదు. ఎవరూ తొందరపెట్టలేదు, మా అత్తమ్మ కూడా.